జైలు రికార్డులో లేనివాళ్లు: గోదావరి డెల్టాలో ఖైదీల కుటుంబాలు

రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు ఒక పాత కోట మీద లేచింది. డచ్చివారి కాలం నాటిదని చెప్పే ఆ కోటను ఆంగ్ల ప్రభుత్వం 1864లో కారాగారంగా మార్చి, 1870లో సెంట్రల్ జైలు హోదా ఇచ్చింది. 1864 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి పన్నెండేళ్లు, భారత శిక్షాస్మృతి అమల్లోకి వచ్చి రెండేళ్లు. ఒకవైపు కాలువలు డెల్టాను పంటభూమిగా మారుస్తుంటే, మరోవైపు కొత్త చట్టం ప్రతి నేరాన్నీ నెలల్లో, ఏళ్లలో కొలిచి శిక్ష వేయడం మొదలుపెట్టింది. శిక్షపడినవాడు ఎక్కడివాడైనా, నరసాపురం పల్లెవాడైనా రంపచోడవరం కొండవాడైనా, చివరికి చేరవలసింది ఈ ఊరికే.

జైలుకు రాసిపెట్టుకునే అలవాటు ఎక్కువ. పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఒంటి మీది పుట్టుమచ్చలు, వచ్చిననాటి బరువు, చేసిన నేరం, పడిన శిక్ష అన్నీ పుస్తకానికెక్కేవి. జైళ్ల శాఖ ఏటా అచ్చువేసే నివేదికల్లో జబ్బులకు ఒక పట్టిక, మరణాలకు ఒకటి, ఖైదీలు చేసిన వస్తువుల అమ్మకానికి ఇంకొకటి ఉండేవి. ఇంటి దగ్గర వదిలివచ్చిన పిల్లల లెక్క మాత్రం జైలు పనిగా ఎవరూ భావించలేదు. నూట అరవై ఏళ్ల ఈ జైలు చరిత్ర రాయాలనుకునేవాళ్లకు కోట గురించి, అందులో ఉండిపోయిన ప్రముఖుల గురించి కావలసినంత సామగ్రి దొరుకుతుంది. ఖైదీ భార్యాపిల్లల చరిత్ర రాయాలంటే చట్టాల సందుల్లోనూ తీర్పుల అంచుల్లోనూ వెతుక్కోవాలి. ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

ఆ రోజుల్లో అప్పు తీర్చలేనివాణ్ని కూడా జైల్లో పెట్టేవారు. సివిల్ ఖైదీ తిండి ఖర్చు అతణ్ని జైలుకు పంపిన అప్పులవాడే కట్టాలన్నది నియమం. కట్టడం మానేస్తే ఖైదీని వదిలెయ్యాలి. గోడ లోపలి మనిషికి రోజుకింత అని లెక్కగట్టిన ఆ చట్టం, గోడ బయట ఆకలితో ఉన్న అతని ఇంటివాళ్లకు పైసా కూడా కట్టలేదు. ఖైదీని పోషించే పూచీ ప్రభుత్వానిదో అప్పులవాడిదో అయింది. కుటుంబాన్ని పోషించే పూచీ ఎవరిదీ కాలేదు. తరువాతి కథంతా ఈ ఖాళీ చుట్టూనే నడుస్తుంది.

1879లో రంప పితూరీ రేగింది. కల్లు మీద వేసిన చిగురుపన్ను, మన్సబుదారు జులుం, మైదానపు కోర్టుల డిక్రీలు పట్టుకొచ్చి కొండవాళ్ల గొడ్డూగోదా తోలుకుపోయిన వర్తకుల ఆగడాలు దానికి కారణాలు. పితూరీ అణిగాక పట్టుబడ్డవాళ్లను మైదానపు జైళ్లకు దింపారు. కొందరిని సముద్రం దాటించి అండమాన్‌కు పంపారు. చరిత్రకారులు పితూరీ నాయకులు తమ్మన్నదొర గురించి, ద్వారబంధాల చంద్రయ్య గురించి రాశారు. వాళ్ల వెంట నడిచి జైలుపాలైన సామాన్యుడి ఇంట్లో ఏం జరిగిందో ఊహించడానికి కొండ వ్యవసాయం తీరు తెలిస్తే చాలు. పోడులో చెట్లు నరికేది మగవాళ్లు. విత్తడం, కలుపు తీయడం, కోత ఆడవాళ్ల చేతుల మీద నడుస్తాయి. వేసవిలో గొడ్డలి పట్టే మనిషి జైల్లో ఉంటే ఆ ఏడు ఆ ఇంటికి పొలమే లేదు. ఇక మిగిలేవి అడవి దుంపలు, చింతగింజలు, బంధువుల దయ.

1922 నుంచి 1924 దాకా సాగిన అల్లూరి సీతారామరాజు తిరుగుబాటులోనూ ఇదే జరిగింది. అందులో పాల్గొన్న గాం మల్లుదొర ద్వీపాంతరవాసం అనుభవించి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన్యం నుంచి అండమాన్ జైలుకు, అక్కడి నుంచి పార్లమెంటుకు వెళ్లిన ఆ జీవితాన్ని తెలుగువాళ్లు ఇంకా బాగా తెలుసుకోవాలి. అయితే అతను లేని ఏళ్లలో ఆ ఇల్లు ఎలా నిలబడిందో చెప్పే కాగితం మనకు మిగల్లేదు. అలాంటి ఇళ్లు వందల్లో ఉన్నాయి.

ఖైదీల పిల్లలను చట్టం అసలే చూడలేదంటే తప్పవుతుంది. చూసింది, అనుమానంతో చూసింది. ఇంగ్లండులో 1866 నాటి పారిశ్రామిక పాఠశాలల చట్టం ఎవరెవరి పిల్లలను పట్టుకుని బడిలో వేయవచ్చో చెబుతూ, దిక్కులేని పిల్లల్లో తల్లో తండ్రో జైలుపాలైనవాళ్లను కూడా చేర్చింది. పిల్లవాడికి ఆసరా కావాలన్న ఆలోచన అందులో కొంత ఉంది. వాడూ రేపు దొంగ అవుతాడేమోనన్న భయం ఎక్కువ ఉంది. దేశంలో తొలి బాలల చట్టం 1920లో మద్రాసు రాజధానిలోనే వచ్చింది. అదీ ఇంగ్లీషు నమూనా మీద అల్లినదే, సర్టిఫైడ్ స్కూళ్ల పద్ధతి దానితోనే మన జిల్లాలకు దిగింది.

దీనికన్నా కఠినమైనది నేరస్థ జాతుల చట్టం. 1911 నాటి ఆ చట్టంలోని 17వ సెక్షను, నేరస్థ జాతిగా ప్రకటించిన కుటుంబాల్లో ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక బడుల్లో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. తండ్రికి శిక్ష పడి ఉండనక్కరలేదు, పుట్టుకే చాలు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం ఈ చట్టం నీడలో వెలసిన ఊరు. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ దించారు. రోజూ హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. డెల్టా జిల్లాల్లో తిరిగి ఉప్పు, బుట్టలు అమ్ముకున్న కుటుంబాలకు ఆ ఊరే జైలయింది. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది, దాని మచ్చ మాత్రం మూడు నాలుగు తరాల దాకా పోలేదు. ఆరేళ్లు అన్న ఆ గీత దగ్గరికి మళ్లీ వస్తాను.

జాతీయోద్యమం జైలుకు వేరే గౌరవం తెచ్చింది. ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మ 1922లో ఏడాది శిక్షతో జైలుకు వెళ్లారు. రాజకీయ కారణాలతో జైలుకెళ్లిన తొలి తెలుగు మహిళగా ఆమె పేరు చెబుతారు. చిన్ననాటే వైధవ్యం పొందిన ఆమెకు ఇంటి దగ్గర ఎదురుచూసే బిడ్డలు లేరు. పిల్లలున్న సత్యాగ్రహుల ఇళ్లకు ఊరు అండగా నిలిచేది. ఒకరు బియ్యం పంపేవారు, ఒకరు పిల్లవాడి ఫీజు కట్టేవారు, వకీలు డబ్బు తీసుకోకుండా వాదించేవాడు. జైలు నుంచి వచ్చిన మనిషికి స్టేషనులో పూలదండలు పడేవి. అదే వారం అదే గేటు నుంచి దొంగతనం కేసులో శిక్ష ముగించుకుని బయటికొచ్చిన కూలివాడికోసం ఎవరూ వచ్చేవారు కాదు. అతని భార్యను ఊళ్లో పనికి పిలవడం మానేసి ఉండేవారు. పిల్లల ఆకలి రెండిళ్లలోనూ ఒకటే కదా అన్నది అప్పట్లో ఎవరికీ తట్టినట్టు లేదు.

ఈ తేడా స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ పద్దులోకి కూడా ఎక్కింది. 1972లో కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను మొదలుపెట్టింది. కనీసం ఆరు నెలలు, తరువాతి సడలింపుతో స్త్రీలైతే మూడు నెలలు, జైల్లో ఉన్నట్టు రుజువు చూపాలి. జైలు ధ్రువపత్రం, అది దొరకనిచోట తోటి ఖైదీల పత్రం చూపాలి. సమరయోధుడు చనిపోతే భార్యకు, పెళ్లికాని కూతుళ్లకు అది వర్తిస్తుంది. అలా ఒకనాటి జైలు రికార్డు ఎన్నో ఇళ్లకు నెలనెలా తిండి పెట్టింది. అది న్యాయమే. మనిషి జైలుకెళ్తే నష్టపోయేది ఇల్లంతా అన్న సంగతి మన ప్రభుత్వానికి తెలుసనడానికి ఇదే పెద్ద సాక్ష్యం. తెలిసిన ఆ సంగతిని ఒక్క రకం ఖైదీకే వర్తింపజేసింది.

సాధారణ ఖైదీ స్త్రీలను దగ్గరగా చూసి, చూసినదాన్ని మరచిపోని మనిషి ఒకరున్నారు. దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో పుట్టి కాకినాడలో పెరిగారు. ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయ్యాక వెల్లూరు, మధుర (మదురై) జైళ్లలో గడిపారు. మధురలో ఒంటరి గదిలో ఉంచారు. అక్కడ ఆమె చుట్టూ ఉన్నది దేశభక్తులు కాదు, హత్య కేసుల్లో శిక్షపడిన పల్లెటూరి ఆడవాళ్లు. అక్షరం ముక్క రానివాళ్లు, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో తెలియనివాళ్లు, తమ తరఫున ఎవరైనా వాదించారో లేదో కూడా చెప్పలేనివాళ్లు. వాళ్లకు చట్టం చెప్పేవాళ్లు లేరన్న బాధే తనను న్యాయశాస్త్రం వైపు నడిపించిందని ఆమె తరువాత రాసుకున్నారు. జైలు నుంచి వచ్చాక ఆగిపోయిన చదువు మళ్లీ అందుకుని, మెట్రిక్ నుంచి మొదలుపెట్టి 1942 నాటికి న్యాయవాది అయ్యారు. మధ్యలో 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించారు.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలు ఆమే. ఆ మండలి మరుసటి ఏడాదే, జైళ్ల నుంచీ ఇతర సంస్థల నుంచీ బయటికి వచ్చేవాళ్ల బాగోగులు చూడడం ఎలాగన్న విషయం మీద ప్రొఫెసర్ ఎం.ఎస్.గోరే అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. విడుదలైనవాడికి ఆసరా ఉండాలన్న ఆలోచన మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం కావడానికి దారి చూపింది ఆ కమిటీయే. దుర్గాబాయి చరిత్రలో రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, కుటుంబ న్యాయస్థానాల గురించి ఆమె పడిన తపన ఎప్పుడూ ప్రస్తావనకు వస్తాయి. ఈ కమిటీ సంగతి తక్కువగా వినిపిస్తుంది. మధుర జైలు గదిలో ఆమె విన్న గోడుకూ ఇరవై ఏళ్ల తరువాత ఆమె చేతికొచ్చిన అధికారానికీ మధ్య తిన్నని దారి ఉందని నేను నమ్ముతున్నాను. ఆ దారి కూడా విడుదలైన మనిషి దాకా వచ్చి ఆగింది. అతను లోపలుండగా ఇంటి సంగతి మళ్లీ మిగిలిపోయింది.

ఇంటికి డబ్బు పంపాలంటే ఖైదీకి ముందు కూలి ఉండాలి. రాజమహేంద్రవరం జైల్లో మగ్గాలు, వడ్రంగం ఎప్పటినుంచో ఉన్నాయి. పని ఉంది, దానికి తగ్గ కూలి లేదు. ఖైదీల చేత చాకిరీ చేయించుకుని సరైన కూలి ఇవ్వకపోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1988లో వెలువడిన ఒక తీర్పులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. పదేళ్ల తరువాత, 1998లో, సుప్రీంకోర్టు ఖైదీలకు న్యాయమైన కూలి ఇవ్వాలనీ అందులో కొంత బాధితులకు చేరేలా చూడాలనీ చెప్పింది. జీవితఖైదీ ఒకడు మగ్గం మీద సంపాదించింది పిల్ల పుస్తకాలకు పంపగలిగితే, తండ్రి అన్న మాట ఆ ఇంట్లో బతికి ఉంటుంది. ఆ తీర్పుల విలువ నాకు అక్కడ కనిపిస్తుంది.

ఇక ఈ చరిత్రలో అసలు మలుపు. 1994లో సుప్రీంకోర్టులో ఒక రిట్ దాఖలైంది. ఆర్.డి.ఉపాధ్యాయ్ అనే న్యాయవాది వేసిన ఆ పిటిషను మొదట విచారణ ఖైదీలు ఏళ్లతరబడి మగ్గిపోవడం గురించి నడిచింది. ప్రతివాదుల్లో మొదటి పేరు ఆంధ్రప్రదేశ్ కాబట్టి కేసు మన రాష్ట్రం పేరుతో స్థిరపడింది. విచారణ సాగేకొద్దీ కోర్టు దృష్టి, తల్లులతోపాటు జైళ్లలో ఉంటున్న పసిపిల్లల మీదికి మళ్లింది. 2006 ఏప్రిల్ 13న ప్రధాన న్యాయమూర్తి వై.కె.సబర్వాల్ రాసిన తీర్పు వచ్చింది.

ఆ తీర్పులో ఒక అధ్యయనం నుంచి తీసుకున్న వర్ణన ఉంది. జైల్లోనే పుట్టి నాలుగైదేళ్లు అక్కడే పెరిగిన పిల్లలకు ఇల్లు అంటే ఏమిటో తెలియదు. వాళ్లు చూసిన మగవాళ్లు పోలీసులు, జైలు ఉద్యోగులే. ఆడవాళ్ల వార్డులో ఆడవాళ్ల మాటలే వింటూ పెరిగిన మగపిల్లలు తమ గురించి ఆడపిల్లల్లా మాట్లాడుకుంటారు. కోర్టుకు తీసుకువెళ్తుంటే దారిలో జంతువులు కనబడినా బెదిరిపోతారు. ఈ నాలుగు సంగతులు చదివాక ఇక వాదన ఏముంటుంది?

తీర్పు చెప్పినవి చిన్నచిన్న విషయాలు. వాటి గొప్పతనమంతా ఆ చిన్నతనంలోనే ఉంది. తల్లితో జైల్లో ఉన్న బిడ్డను ఖైదీగా చూడకూడదు. తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట ఆ బిడ్డకు హక్కుగా రావాలి, దయగా కాదు. బిడ్డకు తినిపించడానికి తల్లికి వేరే గిన్నెలు, తగిన సైజువి, ఇవ్వాలి. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 500 మి.లీ. పాలతో మొదలుపెట్టి పప్పు, ఆకుకూర, పండు ఎంతెంత ఇవ్వాలో ఒక పట్టిక ఉంది. గర్భిణిని వీలైనంతవరకు ప్రసవానికి బయటి ఆసుపత్రికి పంపాలి. లోపల పుట్టినా జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ పేట చిరునామా మాత్రమే రాయాలి. బారసాల చేసుకుంటామంటే వీలు కల్పించాలి. మూడేళ్లలోపు వాళ్లకు క్రెష్, ఆరేళ్లలోపు వాళ్లకు నర్సరీ, అవి కూడా వీలైతే జైలు ఆవరణ బయట నడపాలి. తల్లితో బిడ్డ లోపల ఉన్న కేసులను కోర్టులు ముందుగా విచారించాలి. సరైన వసతి లేని సబ్‌జైళ్లలో పిల్లలను ఉంచకూడదు. అమలాపురం, రాజోలు, తణుకు, భీమవరం వంటి ఊళ్లలో సబ్‌జైళ్లున్న డెల్టాకు ఈ చివరి మాట నేరుగా తగులుతుంది. సెంట్రల్ జైలు పక్కన మహిళల కారాగారం ఉన్న రాజమహేంద్రవరానికి మిగిలినవన్నీ తగులుతాయి.

ఆరేళ్లు నిండగానే బిడ్డ బయటికి రావాలి. తల్లి కోరుకున్న బంధువుకు అప్పగించాలి, లేదంటే సంక్షేమ శాఖ నడిపే వసతి గృహానికి. 1911 చట్టం పిల్లవాణ్ని తల్లి నుంచి లాక్కోవడానికి గీసిన గీతా ఆరేళ్లే, 2006 తీర్పు పిల్లవాణ్ని జైలు నుంచి కాపాడడానికి గీసిన గీతా ఆరేళ్లే. ఉద్దేశాలకు పొంతనే లేదు. తల్లి కొంగు పట్టుకున్న ఆరేళ్ల పిల్లకు ఆ ఉద్దేశాలు తెలియవు. తీర్పు రాసినవాళ్లు ఈ నొప్పి గుర్తించారు. అందుకే వీలైనంతవరకు పిల్లలను ఆ ఊరు దాటించవద్దన్నారు, వారానికి ఒక్కసారైనా తల్లిని చూపించాలన్నారు. తల్లి విడుదలయ్యేదాకానో, బిడ్డ తన కాళ్ల మీద నిలబడేదాకానో సంరక్షణ సాగాలన్నారు. ఖైదీ బిడ్డ విషయంలో భారత న్యాయస్థానం అంతదూరం అంతకుముందెన్నడూ ఆలోచించలేదు.

ఇంత మంచి తీర్పు ఎంతమంది పిల్లలను చేరిందో లెక్క చూద్దాం. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో స్త్రీలు నూటికి నలుగురు. పిల్లలతో ఉన్న తల్లులు 1,537 మంది, ఆ పిల్లలు 1,764 మంది. మిగిలిన అయిదు లక్షల పైచిలుకు మంది దాదాపు అందరూ మగవాళ్లు, వాళ్లలో తండ్రులు ఎందరో చెప్పే పట్టిక ఈ అంకెలిచ్చిన జైళ్ల గణాంకాల నివేదికలో లేదు. 1864 నాటి రిజిస్టరుకూ 2022 నాటి గణాంకాలకూ ఈ ఒక్క విషయంలో తేడా రాలేదు. గోడ లోపల ఉన్న 1,764 మందిని చట్టం చూసింది. గోడ బయట ఉన్న లక్షలమందిని ఇంకా చూడలేదు.

బయట ఉన్నవాళ్లు ఎలా బతుకుతున్నారో ములాఖత్ రోజున రాజమహేంద్రవరంలో కాసేపు నిలబడితే తెలుస్తుంది. కోనసీమ నుంచి వచ్చేవాళ్లు కోటిపల్లి బస్టాండులో దిగుతారు, ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లు గోకవరం బస్టాండులో. చింతూరు వైపు నుంచి రావాలంటే తెల్లవారకముందే బయలుదేరాలి. ఆ రోజు కూలి పోతుంది, ఇద్దరికి బస్సు చార్జీలు కావాలి. ఆధార్ కార్డు నకలు మరచిపోతే అంతే సంగతులు. లోపలికి వెళ్లాక అడ్డంగా ఉన్న జాలికి అటూ ఇటూ అందరూ ఒక్కసారే మాట్లాడతారు. భార్య చెప్పదలచుకున్నవి అప్పు, వకీలు, పొలం కౌలు, పెద్దపిల్ల పెళ్లి సంబంధం. మాట్లాడడానికి దొరికేవి కొన్ని నిమిషాలు. చంకనున్న బిడ్డ తండ్రిని గుర్తుపట్టేలోగా సమయం అయిపోతుంది. 2023 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అప్పటికి మాజీ ముఖ్యమంత్రిగా ఉన్న నారా చంద్రబాబు నాయుడు ఇక్కడ రిమాండులో ఉన్నప్పుడు వారానికి ఎన్ని ములాఖత్‌లు, ఒక్కోసారి ఎందరు వెళ్లవచ్చు అన్నవి రాష్ట్రమంతా రోజూ పత్రికల్లో చదివింది. ఆ నియమాలు అంతకుముందూ ఆ తరువాతా అదే గేటు దగ్గర వేలమంది ఆడవాళ్లకు వర్తిస్తూనే ఉన్నాయి.

పిల్లలను సాకేది సాధారణంగా అమ్మమ్మో, మేనమామో. అత్తింటివాళ్లు తరచు కేసు ఖర్చుల్లోనే మునిగి ఉంటారు. డెల్టాలో మేనమామ ఇల్లు పిల్లలకు పరాయి ఇల్లు కాదు, నూట అరవై ఏళ్లుగా ఖైదీల పిల్లలను నిజంగా ఆదుకున్న సంస్థ ఏదంటే నేను మేనమామ ఇంటినే చెబుతాను. దానికి గ్రాంటు లేదు. కౌలు రైతో, రొయ్యల చెరువు మీద కాపలాదారో అయిన ఆ మేనమామకు ఇంకో ఇద్దరు పిల్లల చదువంటే పెద్దదాన్ని మాన్పించి పనిలో పెట్టడమే తరచు జరిగేది.

2022 లెక్కల్లో జైల్లో ఉన్నవాళ్లలో నూటికి డెబ్బయ్యయిదు మందికి పైగా విచారణ ఖైదీలే. నేరం ఇంకా రుజువు కాలేదు, బెయిలు రావచ్చు. వచ్చినా జామీనుదారు దొరకాలి, ఆస్తి కాగితం కావాలి. 1978లో మోతీరాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ అన్యాయాన్ని ఎత్తిచూపారు. పేద తాపీమేస్త్రీని పదివేల పూచీకత్తు అడిగి, పక్క జిల్లాలో ఆస్తి ఉన్న సొంత అన్నదమ్ముడి జామీను చెల్లదన్న మేజిస్ట్రేటు ఉత్తర్వును తప్పుబట్టారు. తెలుగువాడో తమిళుడో బస్తర్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారు ఎక్కడినుంచి వస్తాడని అడిగారు. మన్యం నుంచి గంజాయి మూటతో పట్టుబడిన కుర్రాడు ఈనాడు ఏ దూరపు రాష్ట్రపు జైల్లోనో ఉంటే ఆ ప్రశ్న ఇంకా కొత్తగానే ఉంటుంది. 2023లో కేంద్రం పేద ఖైదీలకు సహాయ పథకం తెచ్చింది. 2023 నాటి నిబంధనల ప్రకారం బెయిలు పూచీకి విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేని శిక్షాఖైదీకి 25,000 దాకా ప్రభుత్వమే భరించాలి. తండ్రి ఇంటికి రావడమే పిల్లలకు మొదటి సాయం కాబట్టి, పేరులో పిల్లలు లేకపోయినా దీన్ని వాళ్ల పథకంగానే నేను లెక్కిస్తాను.

పిల్లల పేరుతో ఉన్న చట్టం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 45వ సెక్షను, కుటుంబంలోనే ఉంచి పిల్లలకు నెలనెలా ఆర్థిక సాయం చేసే స్పాన్సర్‌షిప్ గురించి చెబుతుంది. ఎవరికివ్వాలో నాలుగు సందర్భాలు రాసింది: తల్లి వితంతువో, విడాకులు పొందినదో, ఇంటివాళ్లు వదిలేసినదో అయితే, పిల్లలు అనాథలై బంధువుల దగ్గర ఉంటే, తల్లిదండ్రులకు ప్రాణాంతక వ్యాధి ఉంటే, ప్రమాదంలో అంగవైకల్యం పొంది పోషించలేకపోతే. తండ్రి జైల్లో ఉంటే అన్న మాట ఆ నాలుగింటిలో లేదు. భర్త బతికే ఉన్నాడు కాబట్టి వితంతు పింఛను రాదు. వదిలేసి వెళ్లలేదు కాబట్టి ఒంటరి మహిళ అనిపించుకోదు. పిల్లలు అనాథలు కారు కాబట్టి గురుకులంలో అనాథల కోటా వర్తించదు. ఏ గడిలోనూ పట్టని ఇల్లు అది. ఢిల్లీ ప్రభుత్వం 2014లోనే జైల్లో ఉన్న తల్లిదండ్రుల పిల్లలకోసం ప్రత్యేకంగా ఆర్థిక సహాయ పథకం నోటిఫై చేసింది. ఢిల్లీలో జరిగినది గోదావరి జిల్లాల్లో జరగకపోవడానికి కారణం డబ్బు అని నేను అనుకోను.

బయటి దేశాలు ఇంకో మెట్టు ముందుకు వెళ్లాయి. 2007లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ముందుకు ఒంటరి తల్లి కేసు ఒకటి వచ్చింది. క్రెడిట్ కార్డు మోసంలో దోషి, ముగ్గురు మగపిల్లల్ని తానే సాకుతోంది. స్వయంగా జైలు అనుభవించిన న్యాయమూర్తి ఆల్బీ సాక్స్ రాసిన ఆ తీర్పు, శిక్ష వేసేముందు ఆ పిల్లల గతి ఏమిటో కోర్టు ఆలోచించి తీరాలని చెప్పింది. 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు, పిల్లల బాధ్యత ఉన్న స్త్రీని జైల్లో వేసేముందు ఆ పిల్లల ఏర్పాటు చూసుకునే వీలివ్వాలనీ, అవసరమైతే నిర్బంధాన్ని కొంతకాలం ఆపి అయినా ఇవ్వాలనీ చెప్పాయి. ఈ రెండింటిలో ఉన్న కీలకం సమయం. ఆలోచించవలసింది మనిషిని లోపలికి పంపేముందు.

మన దగ్గర ఆ సమయంలో ఒక కాగితం ఇప్పటికే పుడుతోంది. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినందువల్ల, ఎవరిని అరెస్టు చేసినా మెమో రాసి దాని మీద ఇంటివాళ్లలో ఒకరిచేతో ఊరిపెద్దచేతో సంతకం పెట్టించాలి, బంధువుకు కబురు చెయ్యాలి. అంటే పోలీసు ఆ ఇంటి గుమ్మంలో నిలబడే ఉన్నాడు, భార్య వేలిముద్ర వేస్తూనే ఉంది, పిల్లలు ఆమె వెనక నిలబడి చూస్తూనే ఉన్నారు. ఇంట్లో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు ఎందరు, ఎవరు చూసుకుంటారు అన్న ఒక్క వరుస ఆ మెమోలో చేర్చి, దాని నకలు జిల్లా బాలల సంరక్షణ విభాగానికీ బాలల సంక్షేమ కమిటీకీ పంపితే, తండ్రి రిమాండుకు వెళ్లేలోగా ఆ పిల్లల పేర్లు ప్రభుత్వానికి తెలుస్తాయి. 45వ సెక్షనులో అయిదో సందర్భం చేర్చడం పార్లమెంటు చేయవలసిన పని. మెమోలో ఆ వరుస రాయించడానికి రాష్ట్ర హోంశాఖ సర్క్యులరు సరిపోతుంది. అది జిల్లా ఎస్పీల చేతికి అందిన రోజు నుంచే, అమలాపురం, భీమవరం స్టేషన్లలో దాన్ని అమలు చేయవచ్చు.